బొంతల గది

బ్రహ్మాజీ అరిచి అరిచి చనిపోయాడు. ఆయన గొంతు ఎవరికీ వినపడలేదన్నారు.

పల్నాడులో ఆ గొంతు తెలియని వాళ్ళు తక్కువ. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని మిరప తోటకు నీళ్ళు కట్టే రైతు దగ్గర్నుంచి, నాపరాళ్ళ లారీ తోలే డ్రైవర్ దాకా అందరికీ ఆయన ఆడియో నాటకాలే కాలక్షేపం. అలాంటి మనిషి నరసరావుపేటలో, పట్టపగలు, గోడకు అవతల ముప్పై మంది నిమ్మకాయ సోడాలు తాగుతుండగా, ఒక గదిలో ఇరుక్కుపోయి తలుపు బాది బాది ప్రాణం విడిచాడు.

ఎస్సై జుబేదా స్పాట్‌కి వచ్చేసరికి సాయంత్రం నాలుగున్నర.

మే నెల. రెంటచింతలలో నలభై ఆరు డిగ్రీలని పొద్దున టీవీలో చెప్పారు. పేటలో ఒకటి తక్కువుంటుందేమో, అంతే. యూనిఫాం వీపుకి అతుక్కుపోయింది. జుబేదాకు ఎండంటే కోపం. ఆ ఎండలో తనకు ఎదురొచ్చి "యాక్సిడెంట్ మేడం, క్లోజ్ చేసేయండి" అనే వాళ్ళంటే ఇంకా కోపం.

గేటు దగ్గర్నుంచి వరండా దాకా నడిచేలోపే ఆ మాట ముగ్గురు అన్నారు.

అది వినుకొండ రోడ్డులో శివాజీ అనే ఆయన ఫంక్షన్ హాలు. శివాజీ ఈపూరు వైపు మాజీ సర్పంచ్. రాజకీయం చల్లబడ్డాక కళల మీద పడ్డాడు. ఏటా వేసవిలో ఆడియో నాటకాల వర్క్‌షాప్ పెడతాడు. రెండు రోజులు క్లాసులు, రెండో రోజు సాయంత్రం అవార్డులు. హాలు ముందు ఫ్లెక్సీలో బ్రహ్మాజీ నవ్వుతున్నాడు. ఆయనకు ఈ రాత్రి ‘జీవన సాఫల్య’ పురస్కారం.

"కరెంటు రెండుంబావుకి పోయింది మేడం," శివాజీ వెంటపడి నడుస్తూ చెప్పాడు. "మూడున్నరకు వచ్చింది. హాలుకి జనరేటర్ ఉంది, ఆ గదికి లైన్ లేదు. లోపల ఆయన పడుకున్నాడు. ఏసీ ఆగింది. ఉక్కపోతకి లేచి తలుపు తీయబోతే పడిపోయిన గడియ. గుండెకి ముందే స్టెంట్ వేశారు. ఇంకేం తట్టుకుంటాడు?"

"పడిపోయిన గడియ అంటే?"

"బయట కింద వైపు గడియ లూజు మేడం. తలుపు గట్టిగా వేస్తే దానంతటదే జారి నేలలో బొక్కలోకి దిగుద్ది. నిన్న మా నటి రుచిత కూడా అట్టానే ఇరుక్కుంది. బాగు చేయిద్దాం అనుకునేలోపు..."

జుబేదా ఆ తలుపు మూడుసార్లు విసురుగా వేసి చూసింది. రెండుసార్లు ఏమీ కాలేదు. మూడోసారి గడియ టక్కున జారింది. శివాజీ చెప్పింది అబద్ధం కాదు.

ఆమె లోపలికి అడుగు పెట్టింది.

ఒకప్పుడు వంటపాత్రలు పెట్టుకునే గది. ఇప్పుడు నాలుగు గోడలకీ బొంతలు కొట్టారు. కిటికీకి పరుపు అడ్డం పెట్టారు. తలుపు లోపలి వైపు కూడా రెండు మందాల బొంత. బయటి శబ్దం లోపలికి రాకూడదని కట్టిన గది అది. లోపలి శబ్దం బయటికి పోదనే సంగతి ఇవాళే అందరికీ తట్టింది.

శవం తలుపు పక్కన ఒరిగి ఉంది. అరవై ఏళ్ళు ఉంటాయి. ఎడమచేతి గోళ్ళల్లో దూది. బొంత నిలువునా చీరేశాడు. కుడిచేతికి మోచేతి దగ్గర్నుంచి వేళ్ళ కొసల దాకా పిండికట్టు. పది రోజుల కిందట స్కూటర్ మీద నుంచి పడ్డాడట.

"గోడ గడియారం ఆగిపోయిందేంటి?" హెడ్ కానిస్టేబుల్ వెంకటేష్ పైకి చూశాడు.

"ఆగలేదు సార్, మేమే బ్యాటరీ తీస్తాం," గుమ్మం బయట నిలబడ్డ పొడుగు మనిషి చెప్పాడు. క్రాంతి కుమార్. సౌండ్ ఇంజనీర్. శవాన్ని మొదట చూసింది అతనే. "టిక్‌టిక్ మైకులో పడుద్ది. ఫోన్లు కూడా లోపలికి తీసుకెళ్ళం. ఇదిగో, ఈ పళ్ళెంలో పెట్టి పోతాం. చప్పుడు చేసేది ఏదైనా సరే ఇందులోనే. బ్రహ్మాజీ గారి రూలు. పడుకోడానికి వెళ్ళినా ఆయన ఆ రూలు తప్పడు."

గుమ్మం పక్కన స్టూలు మీద స్టీలు పళ్ళెం ఉంది. అందులో బ్రహ్మాజీ ఫోను, ఒక తాళంచెవుల గుత్తి, అరడజను ఆకుపచ్చ గాజులు. ఫోను దగ్గరుంటే బతికేవాడు. సొంత రూలే కొంప ముంచింది.

"మీరంతా ఎక్కడున్నారు?"

"కరెంటు పోయేదాకా నేనూ శివాజీ గారూ భోజనాల దగ్గర. తర్వాత జనరేటర్ దగ్గర. అది స్టార్ట్ అయ్యేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. దాని మోతకి పక్కనోడి మాటే వినపడలా."

"ఈ గదికి ఎవరొచ్చారు?"

"భోజనాల తర్వాత ఇక్కడ రికార్డింగ్ ఏమీ పెట్టలా మేడం. నాలుగింటికి ఆయన్ని లేపుదామని నేనొచ్చా." అతను గొంతు సవరించుకున్నాడు. "ఇంకోటి ఉంది. నా టేబుల్ మీద చిన్న రికార్డర్ పెట్టి ఉంది. ఆయనదే. అందులో ఒక ఫైలు. టైము రెండు దాటి రెండు నిమిషాలు."

"వినిపించు."

క్రాంతి కుమార్ బటన్ నొక్కాడు.

చటుక్కున ఒక చప్పట్ల దెబ్బ. ఆ తర్వాత బ్రహ్మాజీ గొంతు. కంచులా ఉంది.

"నేను బ్రహ్మాజీని. ఈ ఏడాది ఉత్తమ నటి అవార్డు ‘స్వరమంజరి’కి ఇస్తున్నారు. స్వరమంజరి అనే మనిషి లేదు. అది కంప్యూటర్ తయారు చేసిన గొంతు. ఆ గొంతు వెల్దుర్తి లక్ష్మీతిరుపతమ్మది. మూడేళ్ళ కిందట మాచర్ల వర్క్‌షాప్‌లో ప్రాక్టీస్ అని చెప్పి ఆమె చేత నాలుగు రోజులు చదివించి రికార్డు చేసుకున్నాను. ఎందుకో ఆమెకు చెప్పలేదు. నీ గొంతు పనికిరాదని పంపేశాను. ఆమె చనిపోయింది. ఆ గొంతుతో నేను నాటకాలు చేశాను. అవార్డు ఆమెది. నాది కాదు."

అంతే. ఫైలు అయిపోయింది.

శివాజీ కండువాతో కళ్ళు ఒత్తుకున్నాడు. "చూశారా మేడం! ఎంత పెద్ద మనసు! ఈ రాత్రికి అందరికీ వినిపిద్దామని చెప్పి రికార్డు చేసి పెట్టుకున్నాడు. తప్పు ఒప్పుకుని మరీ పోయాడు మహానుభావుడు."

జుబేదాకు మహానుభావుల మీద పెద్ద నమ్మకం లేదు. పదకొండేళ్ళ సర్వీసులో, ఎవరూ అడగకుండా తప్పు ఒప్పుకున్న వాణ్ణి ఆమె ఒక్కణ్ణి కూడా చూడలేదు.

*

వరండాలో కుర్చీ వేయించుకుని ఒక్కొక్కరినే పిలిచింది.

ముందు క్రాంతి కుమార్.

"కంప్యూటర్‌లో ఆ గొంతు చేసింది నువ్వేగా?"

"ఫైళ్ళు ఆయన ఇచ్చాడు."

"ఎవరివని అడగలేదా?"

"అడగలా."

"అడగలేదా, అడగదల్చుకోలేదా?"

అతను నేల చూశాడు. "ఆ నాలుగు రోజులూ మాచర్లలో మైకు పెట్టింది నేనే మేడం. ఆమె చానా బాగా చదివింది. ఎవరి పిల్లో చెప్పలా, ‘నన్ను చూసి తీసుకోండి, నా వాళ్ళని చూసి కాదు’ అనేది. తర్వాత కామెర్లొచ్చి పోయిందని తెలిసింది. అప్పటికి రెండు నాటకాలు బయటికొచ్చేసినై."

"పొద్దున బ్రహ్మాజీతో గొడవ పడ్డావట."

"స్వరమంజరి తరఫున స్టేజీ ఎక్కి షీల్డు తీసుకోమన్నాడు. నా వల్ల కాదన్నా."

తర్వాత రుచిత. ఇరవై ఎనిమిదేళ్ళు. చిలకలూరిపేట పిల్ల. మూడేళ్ళుగా ఉత్తమ నటి నామినేషన్. మూడేళ్ళుగా ఓటమి.

"స్వరమంజరి మనిషి కాదని నీకు ముందే తెలుసా?"

"అనుమానం ఉంది. ఎన్ని ఫంక్షన్లైనా ఒక్కసారి రాలా. ఫోను నంబర్ అడిగితే బ్రహ్మాజీ గారు నవ్వేవాడు." ఆ పిల్ల పళ్ళు బిగించింది. "మేడం, అబద్ధం చెప్పను. ఆయన పోయాడంటే నాకు ఏడుపు రాలా. మూడేళ్ళు నన్ను మెషీన్‌తో పోటీ పెట్టి ఓడించాడు."

"రెండింటి నుంచి మూడున్నర దాకా ఎక్కడున్నావు?"

"ఇక్కడే. ట్రైనింగ్ పిల్లలతో రీల్స్ చేశా. ఫోన్లో ఉన్నై, టైముతో సహా."

ఉన్నాయి. వెంకటేష్ చూశాడు.

చివరికి నాగేంద్రమ్మ. మాచర్ల మనిషి. నలభై ఏళ్ళు స్టేజీ మీద పద్యాలు పాడి, డైలాగులు చెప్పి, ఇప్పుడు వర్క్‌షాపుల్లో పిల్లలకు మాట పలకడం నేర్పుతోంది. అరవై దాటినా నిటారుగా ఉంది. రూపాయి బిళ్ళంత బొట్టు, మెడలో నల్లపూసలు, కాళ్ళకు మెట్టెలు. ఆమే ముందుగా బోసి చేత్తో మంచినీళ్ళ గ్లాసు అందించింది.

"తాగమ్మా. ఎండలో పడి వచ్చావు."

"మీరెక్కడున్నారు పెద్దమ్మా?"

"ఆడవాళ్ళ గదిలో. అన్నం తిని ఒరిగా. ఈ వయసులో కరెంటున్నా నిద్రే, లేకపోయినా నిద్రే."

"ఒక్కరేనా?"

"నాతో పడుకునేదెవరమ్మా, అందరూ కుర్రముండలు, ఫోన్లు పట్టుకు తిరుగుతా ఉంటారు."

"బ్రహ్మాజీ ఎలాంటి మనిషి?"

"మంచి గొంతు," అంది.

అంతకు మించి ఒక్క మాట కూడా పొగడలేదు. తిట్టలేదు కూడా.

అప్పుడే స్టేషన్ నుంచి ఫోన్. సీఐ గారు. అవార్డుల ఫంక్షన్‌కి పెద్దవాళ్ళు వస్తున్నారు, యాక్సిడెంట్ అయితే త్వరగా తేల్చమని.

"తేలుస్తాను సార్," అంది జుబేదా.

హాల్లో ట్రైనింగ్ పిల్లలు దిగాలుగా కూర్చున్నారు. ఒక కుర్రాడు మాత్రం ఏం తోచకో ఏమో, ఫోన్ ముందు పెట్టుకుని రెండు చేతులూ చరిచి, డైలాగ్ మొదలుపెట్టాడు. పక్కవాళ్ళు కసిరితే ఆపేశాడు.

"ఆ చప్పట్లెందుకు?" జుబేదా రుచితను అడిగింది.

"టేక్ మొదలైనట్టు గుర్తు మేడం. తర్వాత ఎడిటింగ్‌లో ఎక్కడ మొదలో తెలియాలిగా. చప్పట్లు లేకుండా నోరు తెరిస్తే బ్రహ్మాజీ గారు కొట్టినంత పని చేసేవాడు. మాకు ఇప్పుడు ఎంత అలవాటంటే, ఇంట్లో వాళ్ళకి వాయిస్ మెసేజ్ పెట్టినా చేతులు వాటంతటవే లేస్తయ్."

జుబేదా రికార్డర్ తీసుకుని మొదటి క్షణం మళ్ళీ విన్నది. ఇంకోసారి విన్నది. తర్వాత క్రాంతి కుమార్‌ని పిలిచి చెవిలో ఏదో అడిగింది. అతను విని, తల ఊపి, తెల్లబోయాడు.

"వెంకటేష్, మధ్యాహ్నం భోజనాల ఫోటోలు ఎవరెవరి దగ్గరున్నాయో అన్నీ తెప్పించు. వెల్దుర్తి స్టేషన్‌కి ఫోన్ చేసి, లక్ష్మీతిరుపతమ్మ పుట్టిల్లు ఎక్కడో కనుక్కో."

"పోయిన మనిషి పుట్టిల్లు ఎందుకు మేడం?"

"చేయవయ్యా బాబూ."

*

ఆరున్నరకు ఫంక్షన్ మొదలవ్వాలి. స్టేజీ మీద షీల్డులు వరసగా పేర్చి ఉన్నాయి. బ్రహ్మాజీ ఫోటోకి అప్పుడే దండ పడింది. శవాన్ని పోస్ట్‌మార్టంకి పంపి గంటైనా కాలేదు.

జుబేదా జనాన్ని బయట వరండాలో ఆపించింది. ఖాళీ హాల్లో ముందు వరస కుర్చీల్లో నలుగురిని కూర్చోబెట్టింది. శివాజీ, క్రాంతి కుమార్, రుచిత, నాగేంద్రమ్మ.

"బ్రహ్మాజీ గారు తనంతట తానే రికార్డు చేసి, రికార్డర్ టేబుల్ మీద పెట్టి, పడుకోడానికి వెళ్ళారని మనం అనుకుంటున్నాం. ఇది వినండి."

మొదటి క్షణం మాత్రమే వినిపించింది. చప్పట్ల దెబ్బ.

"ఇది కొట్టింది ఎవరు?"

"ఆయనే," అన్నాడు శివాజీ. "అలవాటేగా."

"ఏ చేతులతో?"

శివాజీ తన రెండు చేతుల వంక చూసుకున్నాడు.

"కుడి చెయ్యి వేళ్ళ కొసల దాకా పిండికట్టులో ఉంది. పది రోజుల్నుంచి ఆయన చప్పట్లు కొట్టలేదు. కావాల్సినప్పుడు పక్కవాళ్ళ చేత కొట్టించుకున్నాడు. క్రాంతీ, ఇది తొడ మీద చరిచిన చప్పుడా? బల్ల మీదదా?"

"కాదు మేడం. రెండు ఉత్త అరచేతులు. మైకుకి దగ్గర్లో."

"అంటే రెండింటికి ఆ గదిలో ఆయనతో ఇంకో మనిషి ఉంది. రికార్డింగ్ చేయించిన మనిషి. అది అయిపోయాక రికార్డర్ బయటికి తెచ్చిన మనిషి. ఇప్పటిదాకా నోరు విప్పని మనిషి. కావాలని కొట్టలేదు ఆ చప్పట్లు. చేతులు వాటంతటవే లేచాయి. ఇంకెవరైనా అయితే ఈ తప్పు చేసేవాళ్ళు కాదు. మీలో ఒకరే చేయగలరు."

రుచిత ముఖం పాలిపోయింది. "నేను కాదు మేడం, రీల్స్..."

"నువ్వు కాదు. నీ చేతికి వాచీ తప్ప ఏదీ ఉండదు. గుమ్మం పక్కన పళ్ళెంలో గాజులున్నాయి. అందరూ చూశారు. నేనూ చూశాను. ఆ పళ్ళెంలో గాజులు మీకు రోజూ కనపడేవే కాబట్టి ఎవరూ ఇవి ఎవరివని అడగలేదు. నాకు తట్టడానికి గంట పట్టింది. భోజనాల తర్వాత ఆ గదిలో రికార్డింగే లేదన్నారు. మరి గాజులు తీసి లోపలికి వెళ్ళిందెవరు?"

వెంకటేష్ ఫోన్ ముందుకు చాపాడు. భోజనాల ఫోటో. బంతిలో నాగేంద్రమ్మ అరిటాకు ముందు కూర్చుని పప్పు కలుపుకుంటోంది. రెండు చేతులకీ ఆకుపచ్చ గాజులు.

"ఇందాక నాకు మంచినీళ్ళు ఇచ్చేటప్పుడు ఈ చేతులు బోసిగా ఉన్నాయి," జుబేదా నెమ్మదిగా అంది. "నుదుట బొట్టు, కాళ్ళకు మెట్టెలు, ఇంటి దగ్గర భర్త కోటయ్య గారు నిక్షేపంలా ఉన్నారు. ఆడది గాజులు తీసి మర్చిపోయి గంటలు గంటలు తిరగదు పెద్దమ్మా. ఏదో పెద్దది జరిగితే తప్ప."

నాగేంద్రమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"నీకెందుకక్కా వాడితో?" శివాజీ అయోమయంగా అడిగాడు.

"లక్ష్మీతిరుపతమ్మది అత్తిల్లు వెల్దుర్తి," అంది జుబేదా. "పుట్టిల్లు మాచర్ల. తల్లి పేరు నాగేంద్రమ్మ."

క్రాంతి కుమార్ రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

నాగేంద్రమ్మ తల ఎత్తింది. కళ్ళు పొడిగా ఉన్నాయి. "ఉండొచ్చమ్మా. గదిలోకి పోయా. మాట్లాడా. వాడు చెప్పాడు. నేను బయటికొచ్చి రికార్డర్ బల్ల మీద పెట్టా. వాడు పడుకున్నాడు. గడియ లూజని మీరే చూశారుగా. మూడుసార్లు వేస్తే ఒకసారి పడుద్ది."

"అది నిజమే," అంది జుబేదా.

ఆ గడియ మీద వేలిముద్రలు యాభై మందివి ఉంటాయి. చూసినవాళ్ళు లేరు. కోర్టులో ప్లీడరు లేచి ఆ తలుపు మూడుసార్లు వేసి చూపిస్తే కేసు అక్కడితో సరి. నాగేంద్రమ్మకు ఆ సంగతి జుబేదాకంటే బాగా తెలుసు.

అయితే జుబేదాకు ఇంకో సంగతి తెలుసు. ఈమె దేనికోసం ఇదంతా చేసిందో తెలుసు. దాన్ని వాడుకోవడం నీచంగానే అనిపించింది. అయినా వాడుకుంది.

"అలాగైతే యాక్సిడెంట్ అనే రాస్తాను. బ్రహ్మాజీ గారు పశ్చాత్తాపంతో తనంతట తానే నిజం చెప్పి, ఆ తర్వాత ప్రమాదంలో పోయారు. శివాజీ గారూ, మీరేదో ప్రకటన చేస్తానన్నారు?"

శివాజీకి ప్రాణం లేచొచ్చింది. ఈ మాట కోసమే కాచుకుని ఉన్నాడు.

"అవును మేడం! జీవన సాఫల్యం ఎలాగూ ఆయన ఫోటోకి ఇస్తాం. అంతే కాదు. వచ్చే ఏడాది నుంచి ఆయన పేరు మీద ‘సత్యస్వర’ అవార్డు పెడతాం. తప్పు ఒప్పుకోడానికి గుండె ధైర్యం కావాలి. ఈ రికార్డింగ్‌ని ప్రతి వర్క్‌షాప్‌లో మొదట వినిపిస్తాం. కళాకారుడంటే ఇట్టా ఉండాలని పిల్లలకు తెలియాలి. ఈ హాలు ముందు ఆయన విగ్రహం కూడా..."

"ఆపరా శివాజీ!"

నలభై ఏళ్ళు మైకు లేకుండా ఊరి చివరి మనిషికి వినపడేలా డైలాగ్ చెప్పిన గొంతు అది. వరండాలో జనం కూడా ఉలిక్కిపడ్డారు.

నాగేంద్రమ్మ లేచి నిలబడింది.

"విగ్రహమా? వాడికా? వాడు ఒప్పుకోలారా! ఆ మాటల్లో ఒక్కటి కూడా వాడిది కాదు. ఒక్కో మాట నేను చెప్పి, వాడి చేత అనిపించా!"

క్రాంతి కుమార్ తల ఎత్తి చూశాడు.

"వాడి నాటకం నేను ఇంట్లో ఫోన్లో విన్నా. నాలుగో భాగంలో కూతురు తల్లిని తిడుద్ది. ‘నువ్వు నాకు అమ్మవే కాదు, చచ్చినా నీ మొహం చూడను’ అంటది. అది నా లక్ష్మి గొంతు. నవ్వితే మధ్యలో ఊపిరి చిక్కుకుంటది దానికి, అది కూడా ఉంది. రెండేళ్ళైంది నా బిడ్డ పోయి. బతికున్నన్నాళ్ళూ నన్ను ఒక్క మాట అనలా. చచ్చినాక వాడు అనిపించాడు. నలభై భాగాలు అనిపించాడు. ఊరంతా విన్నారు. దానికి అవార్డు కూడా ఇచ్చుకున్నారు!"

"ఇవాళ ఏం జరిగింది?" జుబేదా గొంతు తగ్గించి అడిగింది.

"గదిలో పడుకోబోతుంటే పోయి అడిగా. నవ్వాడు. ‘పోయిన మనిషికి షీల్డెందుకక్కా, ఏ గోడకి పెట్టుకుంటది’ అన్నాడు. చెప్పకపోతే రాత్రికి స్టేజీ ఎక్కి అరుస్తా అన్నా. అప్పుడు మైకు ముందు కూర్చున్నాడు. ఇప్పటికి చెప్పి తర్వాత తుడిపేద్దాం అనుకున్నాడు, మొహంలోనే తెలిసింది. అందుకే రికార్డర్ నేను తీసుకున్నా. బయటికొచ్చా. గడియ..."

ఆమె తన బోసి చేతులు ఒకసారి చూసుకుంది.

"గడియ పళ్ళా. నేనే వేశా. కాసేపు ఉంచి బుద్ధి చెప్దాం అనుకున్నా. కరెంటు పోయింది. లోపల కేకలు. తలుపుకి చెవి ఆనించి విన్నా. సన్నగా వినపడింది. ముందు తిట్టాడు. తర్వాత ‘అక్కా’ అన్నాడు. ఆఖరికి ‘అమ్మా, అమ్మా’ అన్నాడు." ఆమె పెదవులు బిగిశాయి. "నా బిడ్డ చేత నన్ను అమ్మవి కాదనిపించినోడు, నన్ను అమ్మా అని పిలిచాడు. అప్పుడు తియ్యాలనిపించలా. గొంతు ఆగిందాకా అక్కడే కూర్చున్నా. గాజులు గుర్తుకే రాలా."

రుచిత ఏడుస్తోంది. బ్రహ్మాజీ కోసం మాత్రం కాదు.

"నన్ను ఏం చేసుకుంటారో చేసుకోండి. వాణ్ణి మంచోణ్ణి చెయ్యొద్దు. నిజం చెప్పి పోయాడనే పేరు కూడా వాడికి దక్కనియ్యను."

శివాజీ మెల్లగా స్టేజీ ఎక్కాడు. ఫోటో మీది దండ తీసి, ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలోనే పట్టుకుని నిలబడిపోయాడు.

జుబేదాకు నాగేంద్రమ్మ మీద కోపం రాలేదు. రానందుకు తన మీద తనకే కోపం వచ్చింది. ఒక మనిషి గంటసేపు తలుపు బాదుతుంటే చెవి ఆనించి విన్నది ఈమె. అది హత్యే. దానికి ఇంకో పేరు లేదు. ఆ మాట తనకు తాను రెండుసార్లు చెప్పుకోవాల్సి వచ్చింది.

"మీరిప్పుడు చెప్పిందంతా రాసుకోవాలి పెద్దమ్మా. కేసు కోర్టుకెళ్తుంది. రికార్డింగ్ సాక్ష్యం అవుతుంది. కోర్టులో వినిపిస్తారు."

"అందరి ముందా?"

"అందరి ముందే."

"దాని పేరు కూడా వస్తదా? వాడి నోటితో?"

"వస్తుంది."

నాగేంద్రమ్మ కుర్చీలో కూర్చుంది. వెంకటేష్ కాగితాలు ప్యాడ్ మీద సర్దుకుని ఎదురుగా కూర్చున్నాడు. పల్నాడులో నలభై ఏళ్ళుగా అందరికీ తెలిసిన మనిషే అయినా, పద్ధతి ప్రకారం మొదటి ప్రశ్న అడిగాడు.

"పేరు?"

"లక్ష్మీతిరుపతమ్మ తల్లిని," అంది నాగేంద్రమ్మ. "ముందు అది రాయి నాయనా."